తిరుగు ప్రయాణానికి ఏ కాగితం?

జర్మనీలోని స్టుట్‌గార్ట్ నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె వయసు 31. భర్తతో నాలుగేళ్లుగా అక్కడే ఉంటున్నారు. నిపుణులైన ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి, భర్త బ్లూ కార్డుకు, ఇంకా రెండేళ్ల గడువుంది. ఆమె రెసిడెన్స్ పర్మిట్ మాత్రం పోయిన నెల ముగిసింది. గడువు తీరకముందే పొడిగింపుకు దరఖాస్తు పెట్టుకున్నా కొత్త కార్డు చేతికి రాలేదు. విదేశీయుల కార్యాలయం వారు ‘ఫిక్షన్స్‌బెషైనిగుంగ్’ అనే తాత్కాలిక పత్రం ఇచ్చి పంపారు. ఇంతలో డబ్లిన్‌లో ఎం.ఎస్. పూర్తిచేసిన చెల్లెలి స్నాతకోత్సవం నవంబరు చివర్లో ఉందని, అంటే ఇంకా పదకొండు వారాలే ఉందని కబురొచ్చింది. ఇండియాలో ఉన్న తల్లి ఇంతవరకు విమానం ఎక్కలేదు. ఆమెను ముందు స్టుట్‌గార్ట్‌కు రప్పించి, నాలుగు రోజులు పారిస్ చూపించి, తర్వాత అందరూ కలిసి డబ్లిన్ వెళ్ళి, మళ్లీ జర్మనీ వచ్చి కొన్నాళ్లు ఉంచుకుని పంపాలన్నది ఇంట్లో వేసుకున్న పథకం. “యూరప్ అంతా ఒకటే వీసా కదే, రెండెందుకు?” అని తల్లి. “ఇదే కాగితంతో మా ఆఫీసులో ఒకాయన స్పెయిన్ వెళ్ళొచ్చాడు, ఏమీ కాదు” అని భర్త. “నీకు రావాలని లేదు, అందుకే కాగితాలు అడ్డం పెడుతున్నావు” అని చెల్లెలు. పారిస్ రైలు టికెట్లు భర్త కొనేశారు కూడా. “నేనే అతిగా భయపడుతున్నానా? వెళ్ళకపోతే చెల్లెలి దగ్గర చెడ్డదాన్నవుతాను. వెళ్తే ఎక్కడ ఇరుక్కుపోతానోనని నిద్ర పట్టడం లేదు” అని ఆమె అడిగారు.

మీ భయం అతి కాదు. అయితే పారిస్ గురించి ఎంత భయపడుతున్నారో డబ్లిన్ గురించీ అంతే భయపడుతున్నారు. మీ ఉత్తరం చదివాక నాకు తోచిన చిక్కు అదే. ఆ రెండు ప్రయాణాలూ ఒకే రకమైనవి కావు. వాటిని ఒక్క మూటగా కట్టి ‘యూరప్ ట్రిప్’ అనుకోవడం వల్ల మీ ఇంట్లో ముగ్గురూ మూడు వేర్వేరు విషయాల గురించి మాట్లాడుకుంటూ ఒకరినొకరు అపార్థం చేసుకుంటున్నారు. ముందు ఆ మూట విప్పుదాం.

‘యూరప్ వీసా’ అని మనం వాడుకగా అనేది నిజానికి షెంగెన్ వీసా. షెంగెన్ అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న దేశాల ప్రాంతం, ఇవాళ అందులో 29 దేశాలున్నాయి. బల్గేరియా, రొమేనియాలు 2025 జనవరి 1న పూర్తిగా చేరాయి. స్విట్జర్లండ్, నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉన్నాయి. ఐర్లండ్ యూనియన్‌లో ఉండి, యూరోనే వాడుతూ, షెంగెన్‌లో మాత్రం లేదు. బ్రిటన్‌తో దానికి ఎప్పటినుంచో ఉమ్మడి ప్రయాణ ప్రాంతం ఉంది. షెంగెన్‌లో చేరితే బ్రిటన్ ఏలుబడిలోని ఉత్తర ఐర్లండ్ సరిహద్దులో తనిఖీలు పెట్టవలసి వస్తుంది గనుక అది బయటే ఉండిపోయింది. కాబట్టి మీ అమ్మగారి మాట పారిస్ వరకు నూటికి నూరుపాళ్లు నిజం, డబ్లిన్ విషయంలో పూర్తిగా తప్పు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. బ్లూ కార్డు ఉన్నా సరే, భారతీయ పాస్‌పోర్టుతో ఐర్లండ్ వెళ్ళాలంటే మీవారికి కూడా ఆ దేశపు వీసా ఉండాలి. ఈ విషయం ఆయన గమనించినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు.

ఇక మీ తాత్కాలిక పత్రం సంగతి. దాన్ని ఒకసారి తీసి, టిక్ పెట్టే గడులున్న చోట చూడండి. జర్మన్ నివాస చట్టంలోని 81వ సెక్షన్ కింద ఈ పత్రాన్ని వేర్వేరు సందర్భాల్లో ఇస్తారు, ఏ సందర్భమో ఆ గడి చెబుతుంది. మీ పాత అనుమతే కొనసాగుతున్నట్టు భావించాలని చెప్పే గడి పక్కన 81, 4 అనే అంకెలుంటాయి. గడువు తీరకముందే పొడిగింపు అడిగినవారికి మామూలుగా టిక్ పడేది దానికే. అలా ఉంటే పాస్‌పోర్టు, గడువు తీరిన పాత కార్డు, ఈ పత్రం, మూడూ కలిపి చూపించి మీరు జర్మనీలోకి తిరిగి రావచ్చు. అందుచేత పాత కార్డును పనికిరానిదని ఎక్కడో పడేయకండి. అలా కాక 81, 3 గడికి టిక్ ఉంటే ఆ పత్రం మిమ్మల్ని జర్మనీలో ఉండనిస్తుంది గానీ, బయటికి వెళ్ళినవారిని వీసా లేకుండా లోపలికి రానివ్వదు. అదే గనుక అయితే పారిస్, డబ్లిన్ రెండూ ప్రస్తుతానికి పక్కన పెట్టవలసిందే. కింద మీ ప్రయాణం గురించి నేను రాసేదేదీ మీకు వర్తించదు. మీ పత్రంలో ఏ గడి ఉందో మీరు రాయలేదు. దరఖాస్తు సమయానికే పెట్టారు కాబట్టి 4 అనే అనుకుని ముందుకు వెళ్తున్నాను.

మొదట పారిస్. షెంగెన్‌లోని ఒక దేశం ఇచ్చిన చెల్లుబాటయ్యే రెసిడెన్స్ పర్మిట్, పాస్‌పోర్టు ఉన్నవారు మిగతా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల కాలంలోనైనా 90 రోజుల వరకు వీసా లేకుండా తిరగవచ్చు. మీవారికి ఆ హక్కు ఉంది. మీ విషయంలో చట్టం చెప్పేది ఒకటి, సరిహద్దులో జరిగేది ఒకటి. జర్మనీ తన నివాస పత్రాలివీ అని యూరోపియన్ కమిషన్‌కు తెలియజేసిన జాబితాలో, పాత కార్డుతో కలిపి చూపే ఈ 81, 4 పత్రం కూడా ఉంది. అందువల్ల మీవారి సహోద్యోగి స్పెయిన్ వెళ్ళిరావడం అబద్ధమూ కాదు, అద్భుతమూ కాదు. కానీ ఈ పత్రాన్ని జీవితంలో మొదటిసారి చూసే ఫ్రెంచ్ పోలీసుకు జర్మన్ భాషలో ఉన్న ఆ మడత కాగితమూ, దాని పక్కన తేదీ దాటిపోయిన కార్డూ నమ్మకం కలిగిస్తాయని చెప్పలేం. షెంగెన్‌లో తనిఖీలే ఉండవన్న మాట కూడా ఇప్పుడు చెల్లదు. జర్మనీ 2024 సెప్టెంబరు 16 నుంచి తన భూసరిహద్దులన్నిటిలోనూ తాత్కాలిక తనిఖీలు పెట్టింది. మీ పారిస్ రైలు స్ట్రాస్‌బర్గ్ మీదుగా రైన్ నది దాటి వస్తుంది. తిరిగొచ్చేటప్పుడు వంతెన ఇవతల కేల్ దగ్గర పోలీసులు రైలెక్కి కాగితాలు అడగవచ్చు. ఫోనులో ఉన్న ఫొటోలు చూపిస్తే కుదరదు, అసలు పత్రాలే ఉండాలి.

ఇక్కడ మీకు కొంత ఊరట కలిగించే విషయం ఒకటుంది. తిరుగు దారిలో మీ పత్రాలు చూసేది జర్మన్ పోలీసులు, అది వాళ్ల దేశం ఇచ్చిన పత్రమే గనుక వాళ్లకు తెలుసు. ఫ్రాన్స్ వైపు ఎవరైనా అభ్యంతరం చెప్పినా, సాధారణంగా జర్మనీకి తిరిగి వెళ్ళమనే చెబుతారు. కొన్ని గంటల నిరీక్షణ, అమ్మగారి ముందు కొంత అవమానం, చెడిపోయిన సెలవు ఇందులో ఉన్న నష్టం. అది చిన్నదనను. అలాగని జీవితం తలకిందులయ్యేదీ కాదు. వెళ్ళాలనే అనుకుంటే ముందుగా ఫ్రెంచ్ కాన్సులేట్‌కు మెయిల్ పెట్టి, వచ్చిన జవాబును ప్రింటు తీసి దగ్గరుంచుకోండి. వద్దనుకుంటే మీవారు, అమ్మగారు వెళ్ళిరావచ్చు. లేదా టికెట్లు మార్చుకుని కార్డు వచ్చాక ముగ్గురూ వెళ్ళవచ్చు. ఈ మూడింటిలో ఏదైనా సరైనదే, మీ మనసు ఎంత తట్టుకుంటుందన్నదే ప్రశ్న. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని రాశారు కాబట్టి, నన్నడిగితే మూడోదానివైపే మొగ్గుతాను.

డబ్లిన్ లెక్క వేరు. అక్కడికి వెళ్ళడమంటే షెంగెన్ దాటి బయటికి పోవడం, తిరిగి రావడమంటే కొత్తగా లోపలికి ప్రవేశించడం. ఆ ప్రవేశానికి మొదటి పరీక్ష జరిగేది జర్మనీలో కాదు, డబ్లిన్ విమానాశ్రయం చెక్-ఇన్ కౌంటరు దగ్గర. సరైన పత్రాలు లేని ప్రయాణికుణ్ణి తీసుకొస్తే విమానయాన సంస్థకే జరిమానా పడుతుంది కాబట్టి, అక్కడి ఉద్యోగికి సందేహం వస్తే ఆపేయడమే సురక్షితం. మీ హక్కు మీద చర్చ మొదలయ్యేలోపు విమానం వెళ్ళిపోతుంది. పారిస్‌లో చిక్కు వస్తే ఇంటికి రైలుంది. డబ్లిన్‌లో చిక్కు వస్తే మధ్యలో సముద్రముంది, మీ ఐరిష్ వీసాకు తేదీ ఉంది, సోమవారం ఆఫీసు ఉంది. మీరు వెళ్ళగలరా లేదా అని అందరూ అడుగుతున్నారు. ఎవరూ ఆలోచించనిది తిరిగి రావడం గురించే.

దానికి ముందు ఐరిష్ వీసా దొరకాలి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపి, సారాంశ పత్రం ప్రింటు తీసి సంతకం పెట్టి, పాస్‌పోర్టుతో సహా పంపాలి. రుసుము ఒకసారి ప్రవేశానికి 60 యూరోలు, పలుమార్లకు 100. నిర్ణయానికి వారాలు పడుతుంది. మీరు నివసిస్తున్న దేశానికి తిరిగి వెళ్ళే హక్కు మీకుందని అందులో చూపించాలి. తేదీ దాటిన కార్డు, తాత్కాలిక కాగితం చూపించే దరఖాస్తు బలహీనంగానే కనిపిస్తుంది. పైగా పాస్‌పోర్టు వాళ్ల దగ్గరున్నన్నాళ్లూ మీరు పారిస్‌కే కాదు, ఎక్కడికీ కదలలేరు. ఆ మధ్యలో కొత్త కార్డు కోసం రమ్మని విదేశీయుల కార్యాలయం పిలిస్తే అక్కడా పాస్‌పోర్టు అడగవచ్చు. తిరస్కరణ వస్తే అది అక్కడితో పోదు. ఇకముందు ఏ దేశపు ఫారంలోనైనా ‘గతంలో వీసా నిరాకరించారా’ అన్న ప్రశ్నకు అవును అని రాయవలసి ఉంటుంది, దాచడం తిరస్కరణ కన్నా పెద్ద తప్పవుతుంది.

కాబట్టి ఈ వారమే చేయవలసిన పని ఒకటుంది. స్నాతకోత్సవ ఆహ్వానాన్ని జతచేసి, ప్రయాణ తేదీ రాసి, కార్డు ఏ దశలో ఉందో చెప్పమని విదేశీయుల కార్యాలయానికి రాయండి. మీ దరఖాస్తుకు ఆమోదం వచ్చేసి కార్డు ముద్రణలో మాత్రమే ఉంటే పదకొండు వారాలు సరిపోవచ్చు. ఆమోదమే ఇంకా రాకపోతే డబ్లిన్ ఆశ తగ్గించుకోవడం మంచిది. అసాధారణమైన కష్టం ఉన్నప్పుడు కార్డుకు బదులు పాస్‌పోర్టులో స్టిక్కరు అంటించే వెసులుబాటు చట్టంలో ఉంది, అడగడంలో తప్పులేదు. కాని చెల్లెలి స్నాతకోత్సవాన్ని అధికారి అంత కష్టంగా ఒప్పుకుంటారని ఆశ పెట్టుకోకండి. కార్డు రాకపోయినా ఐరిష్ వీసా దొరికి, వెళ్ళి తీరాలనుకుంటే, రానూ పోనూ జర్మనీకి నేరుగా వెళ్ళే విమానమే తీసుకోండి. ఆమ్‌స్టర్‌డామ్‌లోనో పారిస్‌లోనో విమానం మారితే మీ జర్మన్ కాగితాన్ని పరీక్షించేది డచ్ అధికారో ఫ్రెంచ్ అధికారో అవుతారు.

అమ్మగారి విషయంలో మీ పథకంలో ఒక పెద్ద లోపముంది. అదృష్టవశాత్తూ దాన్ని దిద్దడం తేలిక. షెంగెన్ వీసా స్టిక్కరు మీద ఎన్నిసార్లు ప్రవేశించవచ్చో చెప్పే చిన్న గడి ఒకటుంటుంది. అందులో 01 అనో, 02 అనో, పలుమార్లకు ‘మల్ట్’ అనో ముద్రిస్తారు. మీరు వేసుకున్న క్రమంలో ఆమె జర్మనీ వచ్చి, డబ్లిన్ వెళ్ళి, మళ్లీ జర్మనీ రావాలి. మొదటిసారి ప్రయాణం చేస్తున్నవారి స్టిక్కరు మీద 01 ఉండే అవకాశమే ఎక్కువ. అలాగైతే డబ్లిన్ విమానం ఎక్కిన క్షణాన ఆమె షెంగెన్ వీసా అయిపోయినట్టే, అందులో ఎన్ని రోజులు మిగిలినా సరే. దరఖాస్తులో రెండు ప్రవేశాలు అడిగి, డబ్లిన్ ప్రయాణం ఎందుకో వివరించవచ్చు. ఇస్తారన్న హామీ మాత్రం లేదు. దానికన్నా క్రమాన్నే తిరగేయండి. ఆమె ఇండియా నుంచి నేరుగా డబ్లిన్ వెళ్ళి, స్నాతకోత్సవం చూసి, అక్కడి నుంచి మీ దగ్గరికి వచ్చి, జర్మనీ నుంచే ఇంటికి వెళ్తే రెండు దేశాల వీసాలూ ఒక్కొక్క ప్రవేశంతోనే సరిపోతాయి. మొదటిసారి విమానం ఎక్కే మనిషి కాబట్టి దుబాయ్, దోహా, అబూధాబీల్లో ఏదో ఒకచోట ఒక్కసారే విమానం మారేలా టికెట్ చూడండి. లండన్ మీదుగా చవకగా దొరికినా ఆశపడకండి, అక్కడ బ్రిటన్ ట్రాన్సిట్ వీసా అనే మరో ప్రశ్న తలెత్తుతుంది.

రెండు వీసాలకూ అసలు పాస్‌పోర్టే కావాలి కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి చేయాలి, సమయం బిగుతుగా ఉంది. వారాలు పట్టేది ఐరిష్ వీసా గనుక దాన్ని ముందు పెట్టండి. షెంగెన్ దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు పెట్టవచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్నిసార్లు 45 రోజులు పడుతుంది. రుసుము 90 యూరోలు. ఎక్కువ రోజులు ఉండేది జర్మనీలోనే కాబట్టి జర్మనీకే దరఖాస్తు చేయాలి. అపాయింట్‌మెంట్ త్వరగా దొరుకుతుందని ఎవరైనా వేరే దేశం పేరు చెబితే వినకండి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. షెంగెన్ కోసం తీసుకునే పాలసీ ఐర్లండ్‌కు కూడా వర్తిస్తుందో లేదో చదివి చూసుకోండి. ఖర్చుల బాధ్యత తీసుకుంటూ జర్మనీలో ఇచ్చే అధికారిక హామీపత్రాన్ని మీరు కాకుండా మీవారు ఇవ్వడం మంచిది, గడువున్న కార్డు ఆయన దగ్గరే ఉంది. వీసా వచ్చాక స్టిక్కరు మీద తేదీలతో పాటు రోజుల సంఖ్య కూడా చూడండి. తేదీల మధ్య 75 రోజులున్నా, రోజుల గడిలో 60 అని ఉంటే ఉండగలిగేది 60 రోజులే. వచ్చిన రోజు, వెళ్ళిన రోజు కూడా అందులో లెక్కే. ఇక ఎవరో ఏజెంటు ‘ఈటియాస్’ అనుమతికి కూడా డబ్బు కట్టమన్నారని రాశారు. అది వీసా అవసరం లేని దేశాలవారి కోసం ఉద్దేశించినది. మీ అమ్మగారికి దానితో సంబంధం లేదు, రూపాయి కూడా కట్టకండి.

మీ చెల్లెలు డబ్లిన్ నుంచి అమ్మను బస్సులో బెల్‌ఫాస్ట్ తీసుకెళ్తానందని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఆ దారిలో గేటు గానీ, ఆపి అడిగేవారు గానీ మామూలుగా కనిపించరు. కానీ బెల్‌ఫాస్ట్ ఉన్నది బ్రిటన్ ఏలుబడిలో, వెళ్ళాలంటే బ్రిటన్ అనుమతి ఉండాలి. ఇండియాలో దరఖాస్తు చేసిన ఐరిష్ వీసా మీద, ఒకే వీసాతో రెండు దేశాలూ తిరగనిచ్చే బ్రిటిష్-ఐరిష్ పథకపు ముద్ర పడితే అమ్మగారు ముందు ఐర్లండ్‌లో దిగి అక్కడి నుంచి వెళ్ళవచ్చు. ఆ పథకం ఇండియా, చైనాల్లో పెట్టుకునే దరఖాస్తులకే గనుక జర్మనీ నుంచి పెట్టుకునే మీకు దొరకదు. ఐర్లండ్‌లో చదువుకున్న మీ చెల్లెలికి కూడా వేరుగా బ్రిటన్ వీసా ఉండవలసిందే. తీసుకెళ్ళే మనిషికి లేని అనుమతి వెళ్ళే మనిషికి ఉండటం విచిత్రమే అయినా, నియమం అంతే.

మీవారితో వాదన గురించి కూడా ఒక మాట. ఆయన ధైర్యం ఆయన జేబులో ఉన్న కార్డు ఇచ్చిన ధైర్యం. అందుకని ఆయన మిమ్మల్ని పట్టించుకోవడం లేదనుకోకండి, ఆ కౌంటరు దగ్గర నిలబడవలసింది తాను కాదన్న సంగతి ఆయనకు తట్టి ఉండదు. స్పెయిన్ వెళ్ళొచ్చిన సహోద్యోగి షెంగెన్ దాటలేదని, డబ్లిన్ వెళ్ళాలంటే దాటాలని, తనకూ వీసా కావాలని చెప్పి చూడండి. మీ ఇద్దరి దరఖాస్తుల పని ఆయన చేతిలో పెడితే ఇంకా మంచిది.

చెల్లెలికి మాత్రం ‘చూద్దాం’ అని చెప్పకండి, ఆమె బాధ సగం ఆ మాట వల్లే. నాలుగు వారాల్లో కార్డు వస్తే వీసాకు పెడతానని, రాకపోతే రానని, ఆ తేదీ ఇదీ అని ఇప్పుడే చెప్పండి. అమ్మ మాత్రం నేరుగా తన దగ్గరికే వస్తుందని కూడా చెప్పండి. కొత్త క్రమంలో స్నాతకోత్సవం ముందు రోజుల్లో అమ్మ ఉండేది చెల్లెలి దగ్గరే. మీరు వెళ్ళలేకపోతే చెల్లెలే అమ్మతో కలిసి స్టుట్‌గార్ట్ రావచ్చు. దానికి ఆమె డబ్లిన్‌లోని జర్మన్ రాయబార కార్యాలయంలో షెంగెన్ వీసాకు దరఖాస్తు చేయాలి. ఆమె ఐరిష్ రెసిడెన్స్ కార్డుకు గడువుంటే ఐర్లండ్ తిరిగి వెళ్ళడానికి వేరే వీసా అక్కర్లేదు, 2019 మే నుంచి ఆ అవసరం తీసేశారు. అయితే చదువు అయిపోయింది కాబట్టి ఆమె కార్డు మీద తేదీ ఏముందో చూడమనండి. మీకు వచ్చిన చిక్కే ఆమెకూ రావచ్చు.